పసివారికి కావలి: చట్టము నడచిన దారి

దొంగలు పడిన ఆరునెలలకు కుక్కలు మొరిగినవని మన పెద్దలు చెప్పుదురు. పసిబిడ్డలను కాముకుల బారినుండి కాపాడుటకై లోకమున పుట్టిన చట్టముల చరిత్ర చదివినవారికి ఈ సామెత పదే పదే జ్ఞప్తికి రాక మానదు. ఏ దేశమున చూచినను ముందొక బిడ్డ బలియగును. పిమ్మట ప్రజలు ఉలికిపడుదురు. అటుపిమ్మట శాసనసభలు మేల్కొనును. నేడు మన యిండ్లలో పిల్లల చేతియందున్న ఫోను మార్గమున ముక్కుమొగము తెలియనివారు వారిని సమీపించి, మంచిమాటలతో లోబరచుకొని, పిమ్మట బెదరించి చెరచుచున్నారు. ఇది కలికాల మహిమ యని కొందరు నిట్టూర్చి యూరకుందురు. సాధనము క్రొత్తదే గాని ఆపద క్రొత్తది కాదు. ఇట్టి యాపదను మన పూర్వులు ఏ రీతి నెదుర్కొనిరో, ఎచ్చట తడబడిరో తెలిసికొన్నచో నేడు మనము చేయవలసిన పని కొంత తేటపడును.

ఈ చరిత్రయందు చట్టము మూడు మెట్లెక్కినది. మొదట బిడ్డ శరీరమునకు జరిగిన చేటును మాత్రమే నేరమనినది. తరువాత ఆ చేటును చిత్రించిన ఛాయాచిత్రమును నేరమనినది. కడపట, చేటు జరుగుటకు ముందే బిడ్డను మచ్చిక చేసికొనుటను సయితము నేరమనినది. ఒక్కొక్క మెట్టెక్కుటకు దశాబ్దములు పట్టినవి. ప్రతి మెట్టునందును ఆలస్యమునకు మూలకారణ మొక్కటియే. బిడ్డ నోరు విప్పలేకపోయినది. విప్పినను పెద్దలు వినలేదు.

మొదటి మెట్టు మన దేశమున 1860వ సంవత్సరపు శిక్షాస్మృతితో ఆరంభమైనది. అందు బాలికకు పది యేండ్లు నిండినచో, ఆమె భర్త ఆమె నెట్లు చూచుకొన్నను బలాత్కారమను మాట వర్తింపదు. ముప్పది సంవత్సరములు ఈ కట్టుబాటు కదలలేదు. 1890లో కలకత్తానగరమున ఫూల్‌మణి యను బాలిక, పదియో పదునొకండో యేండ్లది, ఎదిగిన పురుషుడైన తన భర్తవలన ఆ రాత్రియే నెత్తురు పోయి మరణించెను. న్యాయస్థానమున ఆతనిపై బలాత్కార నేరము నిలువలేదు. ఏలయన బాలికకు చట్టము చెప్పిన పదియేండ్లు దాటినవి. అజాగ్రత్తచే గాయపరచెనన్న చిన్న నేరమునకు ఒక సంవత్సరము కఠినశిక్ష మాత్రమే పడెను. దేశమంతటను అలజడి పుట్టెను. 1891 మార్చి 19వ తేదీన వయస్సు పండ్రెండునకు పెంచుచు శాసనము వెలువడెను.

పది నుండి పండ్రెండునకు, రెండేండ్ల పెంపు! దీనికే ఎంత ప్రతిఘటన! పరప్రభుత్వము మన పడకటిండ్లలో తొంగిచూచుచున్నదని బాలగంగాధర తిలకు వంటి దేశభక్తులే ఎదురు నిలిచిరి. వారి వాదమున కొంత ఆత్మగౌరవము లేకపోలేదు. అయినను ఆ వాదమునందు ఇంటి మర్యాద వినబడినంతగా ఇంటిలోని బిడ్డ యేడుపు వినబడలేదు. ఇదియే మనము మరువరాని పాఠము. 1929లో హరవిలాస శారదాగారి శాసనము పెండ్లికి బాలికకు 14, బాలునికి 18 యేండ్లు నిర్ణయించునాటికి మరి 38 ఏండ్లు గడచినవి.

ఆ కాలముననే మన యాంధ్రదేశమున ఒక చిన్న లెక్క జరిగినది. విజయనగర సంస్థానాధీశులు ఆనందగజపతి మహారాజుగారు విశాఖపట్టణ మండలమున బ్రాహ్మణ కుటుంబములలో మూడేండ్లపాటు జరిగిన కన్యాశుల్క వివాహముల పట్టిక వ్రాయించిరి. గురజాడ అప్పారావుగారు 1897లో కన్యాశుల్క నాటకమును అచ్చువేయించినపుడు పీఠికలో ఆ సంఖ్యలను ప్రకటించిరి. పట్టికకు దొరకిన వివాహములు 1034. వారిలో 99 మంది బాలికలకు అయిదేండ్లు; 44 మందికి నాలుగు; 36 మందికి మూడు; ఆరుగురికి రెండు; ముగ్గురికి ఒక్క యేడు. పట్టిక సంపూర్ణము కాదనియు, వెల పుచ్చుకొన్న సంగతి ఒప్పుకొనుటకు జనులు వెనుదీసిరనియు అప్పారావుగారే వ్రాసిరి. అందరెరిగినను ఎవ్వరును పలుకని విషయమిది. మహారాజుగారు దానిని లెక్కపెట్టించుటచే అది పుకారు కాక నిజమైనది. బాలరక్షణ చరిత్రలో లెక్కించుట యనునది మొదటి సంస్కారమని నా తలంపు.

నూరేండ్ల తరువాత మరియొక లెక్క జరిగినది. 2007లో భారతప్రభుత్వపు స్త్రీశిశు సంక్షేమశాఖ, మన ఆంధ్రప్రదేశముతో గూడ 13 రాష్ట్రములలో 12,447 మంది పిల్లలను విచారించి యొక నివేదిక ప్రకటించినది. వారిలో నూటికి 53 మంది ఏదో యొక రూపమున లైంగిక దుర్వ్యవహారమునకు లోనైతిమనిరి. చేసినవారిలో సుమారు సగముమంది బిడ్డ యెరిగినవారో, బిడ్డ నమ్మినవారో. పిల్లలలో పెక్కుమంది ఆ సంగతిని ఎవ్వరికిని చెప్పలేదు. బూచివాడు వీథి చివరనుండునని చెప్పి పెంచిన మనకు ఇంతకంటె పెద్ద చెంపదెబ్బ యేమి కలదు? ఇంటర్నెట్టునందలి కాముకుని గూర్చి మాటాడుటకు ముందు ఈ యంకెను మనసున నుంచుకొనవలయును. వాడును తన్ను అపరిచితునిగా ఉండనిచ్చుకొనడు. కొన్ని దినములలో బిడ్డ నమ్మిన స్నేహితుడై కూర్చుండును.

రెండవ మెట్టు ఛాయాచిత్రము. చేటునకు కారకుడైనవాడు దానిని చిత్రించి ఇతరులకు పంచునపుడు, ఆ చిత్రము దగ్గర నుంచుకొన్నవాడు నేరస్థుడా? చాలకాలము చట్టములు ఈ ప్రశ్నను ప్రత్యేకముగా అడుగనే లేదు. 1978లో అమెరికా, ఇంగ్లండు దేశములు రెండును ఇట్టి చిత్రములను తీయుటను, పంచుటను గూర్చి శాసనములు చేసినవి. అప్పటికి అట్టి చిత్రములు కాగితముపై నుండి రహస్యముగా చేతులు మారుచుండెను. ఆ వర్తకమును అణచివేయగలిగితిమని పోలీసులు తలంచుచుండగనే ఇంటర్నెట్టు వచ్చినది.

వచ్చిన మార్పు ఎంతటిదో 1998లో బయటపడినది. ఆ సంవత్సరము సెప్టెంబరులో ఇంగ్లండు పోలీసుల నాయకత్వమున పండ్రెండు దేశములకు పైగా ఒక్కమారే సోదాలు జరిగి నూరుమందికి పైగా పట్టువడిరి. తమలో తాము 'వండర్‌లాండ్ క్లబ్బు' అని పేరు పెట్టుకొన్న ఆ ముఠాలో చేరవలెనన్న ప్రవేశరుసుము ధనము కాదు. పిల్లల చిత్రములు పదివేలు! దొరకిన చిత్రములు ఏడు లక్షల యేబదివేలు. వానియందు కనబడిన పిల్లలు వేయిన్నీ రెండువందలకు పైగా నుండగా, విచారణ ముగియునాటికి ఎవరో గుర్తింపగలిగినది పదునారుగురిని మాత్రమే. 2001లో ఇంగ్లండునందలి నేరస్థులకు శిక్ష వేయునపుడు, నేరము జరిగిననాటి చట్టమందలి పరమావధి మూడేండ్లేయని తేలి ప్రజలు నివ్వెరపోయిరి. ఆ సంవత్సరముననే పరమావధిని పదియేండ్లకు పెంచిరి. కుక్కలు మొరిగినవి, ఆరునెలలు కాదు, చాల యేండ్లు ఆలస్యముగా.

చిత్రమునకు ఒక విశేషమున్నది. గాయము మానును, చిత్రము మానదు. చూచిన ప్రతివాడును ఆ బిడ్డను మరల గాయపరచుచునే యుండును. దీనికి శాస్త్రజ్ఞులొక ఉపాయము కనిపెట్టిరి. 2009లో మైక్రోసాఫ్టు సంస్థవారును, హానీ ఫరీద్ అను ఆచార్యుడును కలిసి చేసిన 'ఫోటో డి.ఎన్.ఏ.' అను సాధనము ప్రతి చిత్రమునకు వ్రేలిముద్ర వంటి సంఖ్యామాల నొకటి కట్టును. ఒకమారు గుర్తింపబడిన చిత్రము మరల ఎచ్చటికి పంపబడినను, మనుష్యుడు చూడనక్కరలేకయే, యంత్రము పోల్చి పట్టుకొనును. దానికొక హద్దున్నది. అది ఎరిగిన చిత్రమునే గుర్తించును; ఈ రాత్రి ఒక బాలికతో తీయగా మాటాడుచున్న వాని మనసును గుర్తింపజాలదు.

అందుచేత మూడవ మెట్టు అవసరమైనది. ఈ మచ్చిక యెట్లు సాగునో తల్లిదండ్రులు ఎరిగియుండుట మేలు. వాడు మొదట తన వయస్సు దాచును. పదునైదేండ్ల పిల్లవాడనో, ఆటలో జోడుగాడననో చెప్పును. బిడ్డ మాటలను ఓర్పుతో వినును, పొగడును, ఆటలో పనికివచ్చు చిన్న కానుకలిచ్చును. ఇంటిలో కోపపడినారని బిడ్డ చెప్పినచో 'నీ బాధ నాకొక్కనికే తెలియు' ననును. పదిమంది చూచుచోటి నుండి ఎవ్వరును చూడని చోటికి సంభాషణ మార్చును. పిమ్మట 'మన రహస్యము' అను మాట పుట్టును. అటుపిమ్మట ఒక చిత్రము కోరును. అది చేతబడిన క్షణమున స్నేహితుడు మాయమై యజమాని ప్రత్యక్షమగును: ఇంకను పంపు, లేదా మీవారందరికి చూపుదును! కొన్ని యేండ్లుగా ధనమే కోరు ముఠాలు సయితము బయలుదేరినవి. వారి వాతబడువారిలో కిశోరవయస్కులైన మగపిల్లలే యెక్కువ. ఆడపిల్లకే ఆపదయని తలంచి మగపిల్లవానిని గాలికి వదలుట పొరపాటు.

ఇందు మొదటి మాటనుండి చివరి బెదిరింపువరకు ఎక్కడ నేరము మొదలైనట్లు? పాత చట్టములకు ఇది జవాబు లేని ప్రశ్న. బిడ్డను తాకలేదు, కలిసికొననైన లేదు. 2002లో కెనడా దేశము కంప్యూటరు ద్వారమున బిడ్డను దుర్బుద్ధితో ఆకర్షించుటయే నేరమని శాసించెను. 2003లో ఇంగ్లండు, బిడ్డతో కనీసము రెండు మారులు సంభాషించి దుర్బుద్ధితో కలిసికొనబోవుటను నేరమనెను. రెండు మారులు చాల యెక్కువయని అనుభవము నేర్పగా 2015లో ఒక్కమారు చాలుననిరి. మన దేశము ఇందు వెనుకబడలేదు. 2008లో సవరింపబడి 2009 అక్టోబరులో అమలునకు వచ్చిన సమాచార సాంకేతిక చట్టపు 67-బి విభాగము, పదునెనిమిదేండ్ల లోపు పిల్లలను లైంగికోద్దేశముతో కంప్యూటరు ద్వారమున స్నేహమునకు ప్రేరేపించుటకు అయిదేండ్లవరకు ఖైదు విధించినది. 2012 నవంబరు 14వ తేదీ, బాలల దినమున, అమలునకు వచ్చిన పోక్సో చట్టము ఎలక్ట్రానిక్ సాధనములచే బిడ్డను దుర్బుద్ధితో మాటిమాటికి వెంబడించుటను, సంప్రదించుటను సయితము శిక్షార్హము చేసినది. 1860లో పదియేండ్లయొద్ద ఆగిన చట్టము 2012 నాటికి పదునెనిమిదేండ్ల బిడ్డవరకు, శరీరమునుండి మాటవరకు నడచివచ్చినది.

మహారాజుగారి పట్టికను తలపించు లెక్క ఈ మెట్టునందును కలదు. 2013లో డచ్చి దేశపు 'టెర్ డెస్ హోమ్స్' సంఘమువారు కంప్యూటరుతో పదేండ్ల ఫిలిప్పీను బాలిక బొమ్మను కల్పించి, స్వీటీయని పేరిడి, సంభాషణశాలలలో కూర్చుండబెట్టిరి. పదివారములలో ఇరువదివేలమంది పురుషులు ఆ లేని పిల్లను సమీపించిరి. వారిలో 71 దేశములకు చెందిన వేయిమంది ఎవరో కనుగొని ఆ సంఘమువారు పోలీసులకు ఒప్పగించిరి. అమెరికాయందు 1984లో స్థాపింపబడిన తప్పిపోయిన బిడ్డల జాతీయకేంద్రమునకు, ఇంటర్నెట్టుమీద పిల్లలను దుర్బోధించుటను గూర్చి 2021లో వచ్చిన ఫిర్యాదులు సుమారు 44 వేలు. 2023లో లక్షా యెనుబదియారువేలకు పైగా. ఈ పెరుగుదలలో కొంత మునుపు చూడనిది నేడు చూచుటచే వచ్చినదే కావచ్చును. అదియు మేలే; కనబడని వ్యాధికి మందులేదు గదా.

ఇన్ని చట్టములుండియు బిడ్డలేల రక్షింపబడుట లేదు? దీనికి కెనడా దేశపు విషాదమొకటి ఉత్తరము చెప్పును. అచ్చట 2012 అక్టోబరులో పదునైదేండ్ల బాలిక ప్రాణము తీసికొన్నది. అంతకు కొన్ని యేండ్ల క్రితము వీడియో సంభాషణలో ఎవడో పొగడి పొగడి ఆమెచే ఒక్క క్షణము మేని వస్త్రము తొలగింపజేసి ఆ చిత్రమును పట్టుకొన్నాడు. బెదరించినాడు, ఆమె లొంగకపోగా తోటివారికందరికి పంపినాడు. ఆమె బడి మారినది. వాడు అచ్చటికిని పంపినాడు. ఆ దేశమున అప్పటికే పదేండ్లనాటి చట్టమున్నది. వాడు కడకు నెదర్లాండ్సునందు పట్టువడి, 2022లో కెనడా న్యాయస్థానముచే పదుమూడేండ్ల శిక్ష పొందినాడు. అయితే ఆ బాలిక నొంటరిని చేసినది వాడొక్కడేనా? చిత్రమును చూచి నవ్వినవారు, ఆమెను నిందించినవారు, బడిలో ఆమెతో కూర్చుండనొల్లనివారు వాని చేతిలో కత్తులైరి. వాని బలమంతయు ఆ సిగ్గునందే యున్నది. చూచినవారు 'నీవు మోసపోతివి, తప్పు నీది కాదు' అని యుండినచో ఆ చిత్రము వాని చేతిలో చిత్తుకాగితమై యుండెడిది.

మన సంసారములలో ఈ సిగ్గు మరింత బరువైనది. పరువు అను మాటను మనము బిడ్డల నెత్తిన పెట్టినంతగా మరెవ్వరును పెట్టరు. 'ఎవరికైన తెలిసిన ఇంటి పేరు పోవును' అని తల్లి చెప్పిన మాటయే, బెదరించువాడు చెప్పు మాటయు. ఈ యిరువురి మాట ఒక్కటియైనపుడు బిడ్డ ఎవరియొద్దకు పోవలయును?

ఫోను లాగివైచిన తీరిపోవును గదా యని కొందరందురు. 1874లో కందుకూరి వీరేశలింగము పంతులుగారు ధవళేశ్వరమున బాలికాపాఠశాల పెట్టిన దినములలో, చదువు వచ్చిన ఆడది పరపురుషులకు జాబులు వ్రాయునని ఆక్షేపించినవారు కలరు. అక్షరమును దాచుట ఆనాడు రక్షణ కానట్లే యంత్రమును దాచుట నేడును సంపూర్ణ రక్షణ కాదు. అదియును గాక, ఈ యంత్రమును బిడ్డల చేతికిచ్చినవారు ఎవరు? 2016 పిదప డేటా చవుకయై పల్లెపల్లెకు చేరినది. 2020లో మహమ్మారి వచ్చి బడులు మూతపడగా, పాఠము వినుమని మనమే యిచ్చితిమి. ఇచ్చినవారము నేర్పవలసియుండెను, అది చేయలేదు. చిన్నపిల్లలకు హద్దులు పెట్టుట, ఫోనును అందరు కూర్చుండుచోట నుంచుట, ఏ యాటలో ఎవరితో మాటాడుచున్నారో అడిగి తెలిసికొనుట అవసరమే. అయితే 'ఏదైన జరిగినచో నీ ఫోను తీసికొందును' అన్న బెదిరింపు, జరిగినది చెప్పవలదని ఆజ్ఞాపించుటయే యగును.

కావున ఆపద రాకముందే చెప్పవలసిన మాట యొకటి కలదు: 'ఎవరైన నిన్ను రహస్యముగా నుంచమన్నచో, చిత్రమడిగినచో, భయపెట్టినచో నాకు చెప్పుము. అప్పటికే నీవు పంపియున్నను నాకు చెప్పుము. నేను కోపపడను.' ఈ మాట ఒకమారు చెప్పి ముగించునది కాదు. అన్నము పెట్టునపుడు చెప్పవలయును, నిద్రబుచ్చునపుడు చెప్పవలయును. తండ్రులును చెప్పవలయును.

చెప్పినమీదట చేయవలసినదియు స్పష్టమే. బెదరించువానికి ధనమీయరాదు, మరొక చిత్రము పంపరాదు. వాని సందేశములను తుడిచివేయక సాక్ష్యముగా నుంచవలయును. 1996లో ముంబయిలో ఆరంభమై నేడు ప్రభుత్వము నడుపుచున్న 1098 సంఖ్యకు ఫోను చేయవచ్చును. జాతీయ సైబరు నేరముల ఫిర్యాదు పోర్టలులో, పేరు చెప్పకయు, తెలుపవచ్చును. పోలీసుస్టేషనుకు బిడ్డను ఈడ్చుకొనిపోవలయునని భయపడనక్కరలేదు. పోక్సో చట్టము ప్రకారము బిడ్డ వాఙ్మూలము ఇంటివద్దనో, బిడ్డ కోరినచోటనో, సాధ్యమైనంతవరకు మహిళాధికారి, పోలీసు దుస్తులు లేకుండ తీసికొనవలయును. తల్లిదండ్రులో, బిడ్డ నమ్మినవారో దగ్గర నుండవలయును. బిడ్డ పేరు ప్రకటించుట నేరము. 2016లో హైదరాబాదున నెలకొల్పబడిన భరోసా కేంద్రము వైద్యము, న్యాయసహాయము, ఓదార్పు ఒక్కచోట దొరకునట్లు ఏర్పాటు చేసినది. ఇంకొకటియు తెలియవలయును: ఇట్టి నేరమెరిగి దాచుట కూడ ఈ చట్టము క్రింద నేరమే. పరువునకై మౌనము వహించుట ధర్మము కాదు సరిగదా, చట్టసమ్మతమును కాదు.

2024 సెప్టెంబరులో మన సుప్రీముకోర్టు పిల్లల చిత్రములకు అశ్లీలసాహిత్యమన్న పేరు తగదని, అవి బిడ్డపై జరిగిన దోపిడికిని దుర్వ్యవహారమునకును సాక్ష్యములని, న్యాయస్థానములు అట్లే వ్యవహరింపవలెనని చెప్పినది. మాట మారినచో చూపు మారును. పాతమాట బిడ్డను చిత్రములో పాత్రగా చూచినది. క్రొత్తమాట బిడ్డను గాయపడిన మనిషిగా చూచుచున్నది. ఫూల్‌మణి నాటినుండి మన సంస్కర్తలు వేడినది ఈ చూపునే.

చట్టము ఎప్పుడును కొంత ఆలస్యముగనే వచ్చును; దాని స్వభావమది. నేడు మన పిల్లలకు ఆపద తెచ్చు సాధనము రేపు మరియొక రూపము తాల్చును, దానికై మరియొక విభాగము వ్రాయబడును. ఇల్లు మాత్రము ఆలస్యము చేయనక్కరలేదు. బిడ్డ భయపడి వచ్చి చెప్పు మొదటి మాటను వినుటకు ఏ శాసనసభ అనుమతియు అవసరము లేదు.